సర్కారు భూమికి పట్టా రాసిన మనిషి: సెనేటర్ విలియం స్టీవర్ట్ జీవితం

డల్లెస్ విమానాశ్రయంలో దిగినప్పుడు మనం మొదట కాలు పెట్టేది అమెరికా ప్రభుత్వ భూమి మీద. 1958లో కేంద్ర ప్రభుత్వం ఇక్కడి రైతుల దగ్గర దాదాపు పదివేల ఎకరాలు తీసుకుంది. విల్లార్డ్ అనే పల్లె, ఎక్కువగా నల్లజాతి కుటుంబాలు బతికిన ఊరు, ఆ విమానాశ్రయం కింద కలిసిపోయింది. 1987 నుంచి విమానాశ్రయ సంస్థ ఆ నేలని లీజుకి తీసుకుని నడుపుతోంది గానీ, సొంతదారు ఇప్పటికీ కేంద్ర ప్రభుత్వమే.

డల్లెస్ పక్కనే మన ఆష్‌బర్న్. ఇక్కడ 1890ల్లో ఆష్‌బర్న్ ఫార్మ్ అనే పాడి ఫారం ఉండేది. దాని యజమాని పేరు విలియం మోరిస్ స్టీవర్ట్. నెవాడా రాష్ట్రం నుంచి సెనేటర్. అమెరికా పడమటి రాష్ట్రాల్లో ప్రభుత్వ భూమి కింద ఉన్న బంగారం, వెండి, రాగి ఎవరివి అనే ప్రశ్నకి చట్టం రాసినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఆ చట్టం వచ్చి నూట యాభై ఏళ్ళు దాటింది. కొన్ని మార్పులతో ఇప్పటికీ అమల్లో ఉంది. మనలాగే పొట్ట చేత పట్టుకుని ఎంతో దూరం వలస వెళ్ళినవాడాయన. ఇంకో వలస జనం హక్కుల కోసం చట్టం రాసి, అదే ఏడు అదే జనానికి అడ్డం నిలబడ్డవాడు కూడా ఆయనే. అందుకే ఈ సంచికలో ఆయన కథ చెప్పుకుందాం.

ఊరి పేరు సంగతి

ముందు ఊరి పేరు గురించి ఒక మాట. ఈ ఊరిని పూర్వం ఫార్మ్‌వెల్ అనేవారు. వర్జీనియాలోనే ఇంకోచోట ఫార్మ్‌విల్ అనే ఊరు ఉంది. రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయని తపాలా శాఖ అభ్యంతరం పెట్టడంతో 1896లో దీన్ని ఆష్‌బర్న్ అని మార్చారు. స్టీవర్ట్ పొలంలో ఒక యాష్ చెట్టు మీద పిడుగు పడి రోజుల తరబడి కాలిందనీ, అందుకే ఈ పేరు వచ్చిందనీ ఒక కథ చెప్తారు. వినడానికి బాగుంటుంది గానీ, ఆ పొలాన్ని అంతకు ముందు ఏలిన జాన్ జానీ అనే లాయరు 1870లోనే దాన్ని ఆష్‌బర్న్ ఫార్మ్ అని రాశాడు. అంటే స్టీవర్ట్ వచ్చేసరికే పొలానికి ఆ పేరుంది. ఇప్పుడు ఆష్‌బర్న్ ఫార్మ్ అంటే మనకి ఇళ్ళ కాలనీయే గుర్తొస్తుంది. రైలు పట్టాలు ఉన్నచోట డబ్ల్యూ అండ్ ఓ డీ ట్రైల్ మీద సాయంత్రాలు నడుస్తున్నాం.

ఒహాయో పొలం నుంచి కాలిఫోర్నియా గుంతల్లోకి

స్టీవర్ట్ 1827 ఆగస్టు 9న న్యూయార్క్ రాష్ట్రంలో వేన్ కౌంటీలో పుట్టాడు. సేద్యం చేసుకునే కుటుంబం. చిన్నప్పుడే ఒహాయోకి వెళ్ళిపోయారు. చదువు మీద ఆశతో యేల్ దాకా వెళ్ళాడు గానీ చదువు పూర్తి కాలేదు. 1848లో కాలిఫోర్నియాలో బంగారం దొరికిందన్న కబురు దేశమంతా పాకింది. పనామా మీదుగా వెళ్ళే దారి పట్టుకుని 1850లో శాన్ ఫ్రాన్సిస్కోలో దిగాడు. అప్పుడాయనకి ఇరవై మూడేళ్ళు నిండలేదు.

అక్కడి భూమి సంగతి అర్థమైతేనే మిగతా కథ అర్థమవుతుంది. 1848లో మెక్సికోతో యుద్ధం ముగిశాక ఒప్పందం ప్రకారం కాలిఫోర్నియా, నెవాడా ప్రాంతాలు అమెరికా చేతికి వచ్చాయి. అంతకు ముందే ప్రైవేటు పట్టాలున్న భూమి పోగా, మిగతా నేలంతా కేంద్ర ప్రభుత్వ భూమి. అక్కడ తరతరాలుగా బతుకుతున్న ఆదివాసుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఆ భూమిలో గనులు తవ్వుకోవచ్చని చెప్పే చట్టం అప్పటికి లేదు. అంటే బంగారం కోసం వచ్చిన లక్షలమందీ చట్టం దృష్టిలో సర్కారు భూమిలో చొరబడ్డవాళ్ళే. మన ఊళ్ళలో పోరంబోకులో గుడిసె వేసుకుని పట్టా కోసం చూసే మనిషి పరిస్థితి ఎలాంటిదో, వాళ్ళదీ అలాంటిదే.

సర్కారు దూరంగా ఉంది, బంగారం కాళ్ళ కింద ఉంది. గని కూలీలే ఎక్కడికక్కడ కూడి కట్టుబాట్లు రాసుకున్నారు. ముందు ఎవరు జెండా పాతితే వాళ్ళది. ఒక్కొక్కరికి ఇన్ని అడుగులే. పని చేయకుండా వదిలేస్తే హక్కు పోతుంది. స్టీవర్ట్ కూడా ఆ గుంతల్లో మట్టి తవ్వాడు. తర్వాత న్యాయశాస్త్రం చదువుకుని, నెవాడా కౌంటీకి ప్రభుత్వ న్యాయవాదయ్యాడు. 1854లో కొంతకాలం కాలిఫోర్నియా అటార్నీ జనరల్ బాధ్యతలు చూశాడు. 1855లో ఆనీ ఫూట్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆమె తండ్రి మిసిసిపీకి గవర్నరుగా చేసినవాడు.

అదే గుంతల్లో చైనా నుంచి వచ్చిన వలస కూలీలూ ఉన్నారు. వాళ్ళ పరిస్థితి వేరు. కాలిఫోర్నియా ప్రభుత్వం పరదేశీ గని కూలీల మీద 1850లో నెలకి 20 డాలర్ల పన్ను వేసింది. దాన్ని ఎత్తేసి, 1852లో తక్కువ మొత్తంతో మళ్ళీ తెచ్చింది. ఆ రెండో పన్ను భారం ఎక్కువగా చైనావాళ్ళ మీదే పడింది. 1854లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తెల్లవాళ్ళకి వ్యతిరేకంగా చైనీయుల సాక్ష్యం చెల్లదని తీర్పు చెప్పింది. అంటే గుంత లాక్కున్నా, కొట్టినా, కోర్టులో చెప్పుకునే దారి లేదు.

వెండి కొండ మీద లాయరు

1859లో ఇప్పటి నెవాడాలో కామ్‌స్టాక్ అనే భారీ వెండి నిక్షేపం బయటపడింది. 1860లో స్టీవర్ట్ వర్జీనియా సిటీకి మకాం మార్చాడు. వెండి రాయి భూమిలో వాలుగా, పొరలుగా సాగుతుంది. పైన ఒకడి గుంత, కింద అదే పొర ఇంకొకడి గుంతలోకి దిగుతుంది. ఎవరిది ఎంత అని వందల కేసులు పడ్డాయి. ఇదంతా ఒకే పొర అని పెద్ద కంపెనీలు, కాదు వేర్వేరు పొరలని చిన్నవాళ్ళు. స్టీవర్ట్ పెద్ద కంపెనీల తరఫున నిలబడి గెలిచాడు, బాగా సంపాదించాడు. పెద్ద శరీరం, పొడవాటి గడ్డం, గట్టి గొంతు. కోర్టులో ఎదురు నిలబడాలంటే జంకేవారట.

1864 అక్టోబరు 31న నెవాడా రాష్ట్రమైంది. దాని మొదటి సెనేటర్లలో ఒకడిగా స్టీవర్ట్ వాషింగ్టన్ చేరాడు. 1875 దాకా ఒక విడత, మళ్ళీ 1887 నుంచి 1905 దాకా ఇంకో విడత. మొత్తం ఇరవై ఎనిమిదేళ్ళు సెనేటులో ఉన్నాడు. మార్క్ ట్వేన్ పేరు విన్న మనవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి: ఆయన కొద్దిరోజులు ఈ సెనేటర్ దగ్గర కార్యదర్శిగా పని చేశాడు. ఇద్దరికీ పొసగలేదు.

కాలువల పేరుతో గనుల చట్టం

అంతర్యుద్ధం ముగిసేసరికి కేంద్ర ప్రభుత్వం మీద అప్పు కొండలా పేరుకుంది. ఇండియానాకు చెందిన జార్జ్ జూలియన్ ప్రతినిధుల సభలో ప్రభుత్వ భూముల కమిటీకి అధ్యక్షుడు. పడమటి ఖనిజ భూములన్నీ ఊరికే పోతున్నాయి, వాటిని అమ్మితే అప్పు తీరుతుందని ఆయన వాదన. స్టీవర్ట్ గట్టిగా అడ్డుపడ్డాడు. అక్కడ పదిహేనేళ్ళుగా చెమటోడ్చినవాళ్ళ గుంతలు తూర్పు బ్యాంకుల పాలవుతాయన్నది ఆయన మాట. అందులో న్యాయం లేకపోలేదు. అయితే కామ్‌స్టాక్‌లో తన ఖాతాదారులైన పెద్ద కంపెనీలకి కూడా అదే మేలు అన్నది మరో నిజం.

ఆయన బిల్లు సెనేటులో నెగ్గింది గానీ, ప్రతినిధుల సభలో జూలియన్ కమిటీలో చిక్కుకుంది. అప్పుడు స్టీవర్ట్ ఒక ఎత్తు వేశాడు. ప్రభుత్వ భూముల మీదుగా కాలువలు తవ్వేవాళ్ళకి దారి హక్కు ఇచ్చే వేరే బిల్లు ఒకటి సెనేటుకి వచ్చింది. దాని పేరు అలాగే ఉంచి, లోపల తన గనుల చట్టం పెట్టి పంపించాడు. 1866 జులై 26న అది చట్టమైంది. పేరు చదివితే కాలువల చట్టం, లోపల గనుల చట్టం. చట్టం పేరు చూసి లోపల ఏముందో అనుకోకూడదని ఈ ఒక్క ఉదంతం చాలు.

దాన్నే విస్తరించి 1872లో ఇంకో చట్టం తెచ్చారు. ప్రతినిధుల సభలో కాలిఫోర్నియాకు చెందిన ఆరన్ సార్జెంట్, సెనేటులో స్టీవర్ట్ దాన్ని నడిపించారు. 1872 మే 10న అధ్యక్షుడు గ్రాంట్ సంతకం పెట్టాడు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి:

ప్రభుత్వ భూమిలో విలువైన ఖనిజం కనుక్కున్నవాడు ఎవరినీ అడగకుండా హద్దులు పాతి, క్లెయిమ్ పెట్టుకోవచ్చు. రాతి పొర అయితే పొడవు 1,500 అడుగులు, వెడల్పు 600 అడుగుల దాకా. ఏటా 100 డాలర్ల విలువైన పని చూపించాలి. 500 డాలర్ల పని చేశాక కావాలంటే ఆ భూమిని పూర్తిగా కొనుక్కోవచ్చు. ధర ఎకరానికి 5 డాలర్లు. ఇసుకలో, వాగుల్లో దొరికే బంగారం భూమి అయితే ఎకరానికి రెండున్నర డాలర్లు. తవ్వుకున్న బంగారం మీద ప్రభుత్వానికి రాయల్టీ ఒక్క పైసా కట్టక్కర్లేదు.

మన దగ్గర కంకర క్వారీ పెట్టుకున్నవాడు కూడా సీనరేజి కడతాడు. బంగారానికి ఇక్కడ అదీ లేదు.

1872 నాటి లెక్కలో దీన్ని చూడాలి. పార, పలుగు, గాడిద వేసుకుని తిరిగే ఒంటరి మనిషిని మనసులో పెట్టుకుని రాసిన చట్టం అది. గని కూలీలు తమలో తాము రాసుకున్న కట్టుబాట్లనే దేశం చట్టంగా ఒప్పుకుంది. కూలీల మాట పార్లమెంటు దాకా వెళ్ళడం చిన్న విషయం కాదు. దాని లోపం వేరేచోట ఉంది. ధర అంకెల్లో రాసేశారు. దాన్ని మళ్ళీ ఎప్పుడు చూడాలో రాయలేదు.

చట్టం రాసిన గదిలో లేనివాళ్ళు

క్లెయిమ్ పెట్టుకునే హక్కు ఎవరికి? అమెరికా పౌరులకి, పౌరసత్వం తీసుకుంటామని ప్రకటించినవాళ్ళకి. చూడటానికి న్యాయంగానే ఉంది. ఐరిష్, జర్మన్ వలసదారు వచ్చిన వెంటనే ఆ ప్రకటన చేసి గుంత తవ్వుకోవచ్చు. కానీ అప్పటి చట్టం ప్రకారం పౌరసత్వం తెల్లవాళ్ళకి, 1870 నుంచి ఆఫ్రికా సంతతికి మాత్రమే. చైనావాళ్ళు ఆ ప్రకటన చేయడానికే వీల్లేదు. కాబట్టి ప్రభుత్వ ఖనిజ భూమి వాళ్ళకి దక్కదు. భూమి చట్టంలో చైనా అనే మాట ఎక్కడా లేదు. అయినా తలుపు మూసుకుపోయింది.

ఇక్కడే స్టీవర్ట్ జీవితంలో మనం ఆగి చూడాల్సిన ఏడాది 1870. జాతి పేరుతో ఓటు హక్కు తీసేయకూడదన్న పదిహేనో రాజ్యాంగ సవరణని సెనేటులో నడిపించినవాడు ఆయనే. 1870 ఫిబ్రవరిలో అది ఆమోదం పొందింది. అదే ఏడాది మే 31న వచ్చిన చట్టంలో ఆయన పట్టుబట్టి ఒక సెక్షన్ పెట్టించాడు. అమెరికాలో ఉన్న మనుషులందరికీ, పౌరులైనా కాకపోయినా, ఒప్పందాలు చేసుకునే హక్కు, కోర్టుకి వెళ్ళే హక్కు, సాక్ష్యం చెప్పే హక్కు సమానంగా ఉండాలని దాని సారం. ఫలానా దేశం నుంచి వచ్చినవాళ్ళ మీద ప్రత్యేకంగా పన్ను వేయడానికీ వీల్లేదు. చైనా కూలీల మీద వేసిన గని పన్నుకి అక్కడితో కాలం చెల్లింది.

సరిగ్గా నెల తర్వాత, 1870 జులైలో, మసాచుసెట్స్ సెనేటర్ చార్లెస్ సమ్నర్ పౌరసత్వ చట్టంలోంచి తెల్ల అనే మాటే తీసేద్దామన్నాడు. ఆ మాట పోతే చైనావాళ్ళకి పౌరసత్వం, దాంతో ఓటు, దాంతో భూమి హక్కు వచ్చేవి. గట్టిగా అడ్డుపడ్డవాళ్ళలో ముందున్నది స్టీవర్ట్. మనిషిగా రక్షణ ఇద్దాం, పొత్తులో వాటా మాత్రం ఇవ్వొద్దు: రెండు పనుల్నీ కలిపి చూస్తే ఆయన లెక్క ఇలాగే కనిపిస్తుంది. పని చేయించుకోవడం దాకా సరే, హక్కుదారు చేయడం దగ్గర ఆగిపోవాలి అనే ఈ ఆలోచన వలస బతుకు బతికే ఎవరికైనా తెలిసినదే.

ఆ రెండు పనుల ఫలితాలూ చాలాకాలం నడిచాయి. పౌరసత్వానికి అర్హత లేనివాళ్ళు సేద్యపు భూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లో చట్టం చేసింది. భారతీయులు ఆ పౌరసత్వ చట్టం చెప్పే తెల్లవాళ్ళు కారని 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో ఆ భూమి చట్టం మనవాళ్ళ మీదా పడింది. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా మన దేశస్థులకి ఇక్కడ పౌరసత్వం దారి మూసుకునే ఉంది.

రెండో వైపు, 1870లో స్టీవర్ట్ పెట్టించిన సెక్షన్ చచ్చిపోలేదు. టోరావో తకహాషి అనే జపాను మత్స్యకారుడికి కాలిఫోర్నియా చేపల వేట లైసెన్సు నిరాకరించింది. సముద్రంలో చేపలు రాష్ట్ర ప్రజల ఉమ్మడి ఆస్తి, పౌరసత్వానికి అర్హత లేనివాడికి అందులో పని చేసే హక్కు లేదని దాని వాదన. 1948లో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. కొట్టేసేటప్పుడు ఎత్తి చూపిన ఆధారాల్లో 1870 నాటి ఆ సెక్షనూ ఒకటి. ఉద్యోగాల్లో, ఒప్పందాల్లో వివక్ష మీద వేసే కేసుల్లో ఈ రోజుకీ లాయర్లు దాన్ని వాడుతున్నారు. చేతిలో ఏ వీసా ఉన్నా, ఈ సంగతి మనవాళ్ళు తెలుసుకుని ఉండటం మంచిది.

ఆ గదిలో లేనివాళ్ళు ఇంకా ఉన్నారు. నెవాడాలో పశ్చిమ షోషోనీ ఆదివాసులతో 1863లో రూబీ వ్యాలీ దగ్గర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. దారులకి, రైలుకి, గనులకి వాళ్ళు ఒప్పుకున్నారు. భూమి వదులుకుంటున్నామని అందులో లేదు. తర్వాత ఎప్పుడో ప్రభుత్వం నష్టపరిహారం లెక్క కట్టి 1979లో 2 కోట్ల 60 లక్షల డాలర్లు పక్కన పెట్టింది. మేము అమ్మలేదు కదా, డబ్బెందుకని చాలామంది ముట్టుకోలేదు.

నీళ్ళ దగ్గర తగాదా

సెనేటుకి రెండోసారి వచ్చాక స్టీవర్ట్ దృష్టి నీళ్ళ మీద పడింది. పడమటి నేల ఎండు నేల. నీళ్ళు లేకపోతే 160 ఎకరాలు ఉచితంగా ఇచ్చినా రైతు బతకలేడు. 1888లో ఆయన లాంటివాళ్ళ పట్టుదలతోనే ఎక్కడెక్కడ చెరువులు కట్టొచ్చు, ఏ భూమికి నీళ్ళు పారతాయి అని సర్వే మొదలైంది. దాని అధికారి జాన్ వెస్లీ పావెల్. అంతర్యుద్ధంలో కుడి చెయ్యి పోగొట్టుకుని, ఒంటి చేత్తోనే పడవలో కొలరాడో నది దిగినవాడు.

ముందు కొలతలు పూర్తి కావాలి, ఆ తర్వాతే భూమి పంచాలన్నది పావెల్ పట్టు. లేకపోతే నీటి గట్లన్నీ ముందే తెలిసిన దళారులు పట్టేస్తారు. చట్టంలోనే ఉన్న ఒక నిబంధన వల్ల సర్వే అయ్యేదాకా పడమట భూముల పంపిణీ ఆగిపోయింది. స్టీవర్ట్‌కి కోపం వచ్చింది. ఏళ్ళ తరబడి కొలతలేనా, జనం ఎప్పుడు స్థిరపడాలి అని. 1889లో సెనేటు కమిటీ అధ్యక్షుడిగా పావెల్‌ని వెంటబెట్టుకుని పడమటి రాష్ట్రాలన్నీ తిరిగాడు. తిరిగొచ్చేసరికి ఇద్దరూ బద్ధశత్రువులు. 1890 ఆగస్టులో ఆ నిబంధన రద్దయింది, సర్వేకి డబ్బు ఆగింది. భూముల తలుపు మళ్ళీ తెరుచుకుంది.

ఎవరిది ఒప్పు? భూమి లేనివాడికి ఆలస్యం అన్యాయమే. కొలత లేకుండా పంచితే బలవంతుడికే దక్కుతుంది, అదీ అన్యాయమే. మన ఊళ్ళలో సర్వే రాళ్ళు కదిలిన తగాదాలు చూసినవాళ్ళకి ఈ రెండో మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆష్‌బర్న్, ఆ తర్వాత బుల్‌ఫ్రాగ్

ఈ తగాదాల తర్వాతి రోజుల్లోనే స్టీవర్ట్ ఆష్‌బర్న్ ఫార్మ్ కొన్నాడు. వాషింగ్టన్ నుంచి రైలుకి దగ్గర, పచ్చిక బాగా ఉన్న నేల. ఆవుల్ని పెంచాడు. ఇందులో ఒక విచిత్రం ఉంది. పడమట ప్రభుత్వ భూమి పంపకం మీద జీవితమంతా గడిపిన మనిషి, తన పాడి పెట్టుకున్న లౌడన్ కౌంటీలో ఆ పడమటి పద్ధతి భూమి ఎకరం కూడా లేదు. వర్జీనియా నేల పాత బ్రిటిష్ దానపత్రాల నుంచి వచ్చింది. ఈ కౌంటీ లార్డ్ ఫెయిర్‌ఫాక్స్ ఎస్టేటులో భాగం. డల్లెస్ లాంటి చోట్ల కేంద్రానికి భూమి కావాలంటే ప్రజల దగ్గరే తీసుకోవాల్సి వచ్చింది. నెవాడాలో ఇప్పటికీ నూటికి దాదాపు ఎనభై వంతులు కేంద్రానిదే. అమెరికా మొత్తం మీద కేంద్రం చేతిలో ఉన్నది సుమారు 64 కోట్ల ఎకరాలు. మన భారతదేశం విస్తీర్ణంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు.

1902లో కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో ఆనీ చనిపోయింది. మరుసటేడు ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. 1905లో సెనేటు పదవి ముగిసింది. డెబ్భై ఏడేళ్ళ వయసులో ఇంకెవరైనా ఆవుల దగ్గర కూర్చునేవారు. ఆయన మాత్రం నెవాడా ఎడారిలో కొత్తగా బంగారం బయటపడిన బుల్‌ఫ్రాగ్ అనే చోటికి వెళ్ళి ఇల్లు కట్టుకుని, లా పుస్తకాలు సర్దుకుని, మళ్ళీ లాయరు పని మొదలుపెట్టాడు. తన చట్టం కింద పాతిన హద్దురాళ్ళ మధ్యే. ఆ ఊరు కొన్నేళ్ళే వెలిగి పాడుబడింది. 1908లో ఆత్మకథ వచ్చింది. 1909 ఏప్రిల్ 23న వాషింగ్టన్‌లో కన్నుమూశాడు.

ఆయన పోయినా చట్టం పోలేదు

1920లో బొగ్గు, చమురు, గ్యాస్‌ని ఆ చట్టంలోంచి తీసేసి లీజు, రాయల్టీ పద్ధతి పెట్టారు. బంగారం, వెండి, రాగి మాత్రం పాత చట్టంలోనే ఉండిపోయాయి. 1994లో నెవాడాలో బారిక్ అనే కెనడా కంపెనీకి చెందిన సంస్థ సుమారు 1,950 ఎకరాలకి పట్టా అడిగింది. కింద దాదాపు 1,000 కోట్ల డాలర్ల బంగారం ఉందని అంచనా. చట్టం ప్రకారం ఎకరానికి 5 డాలర్లు, మొత్తం పదివేల డాలర్ల లోపు. అంతరంగిక శాఖ మంత్రి బ్రూస్ బాబిట్ కోర్టు ఉత్తర్వు ఉండటంతో ఇష్టం లేకుండానే సంతకం పెట్టాడు. ఆ ఏడాది నుంచి కాంగ్రెస్ కొత్త పట్టా దరఖాస్తులు ఆపేసింది. రాయల్టీ మాత్రం ఈ రోజుకీ రాలేదు.

చైనా కూలీకి దక్కని హక్కు కెనడా కంపెనీకి ఎలా దక్కింది? అమెరికాలో రిజిస్టరైన కంపెనీ ఉంటే చాలు, చట్టం దృష్టిలో అది పౌరుడితో సమానం. గాడిద వెంట నడిచే ఒంటరి మనిషి కోసం రాసిన చట్టం చివరికి ఎవరికి పనికొచ్చిందో చూడండి.

మనకి ఇందులో ఏముంది

మన రాష్ట్రాల్లో ఇంకో దారి తొక్కారు. అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో గిరిజనుల భూముల్లో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో మన సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం కూడా అక్కడ గిరిజనేతరుడి కిందే లెక్క అన్నది ఆ తీర్పు సారం. అలాగే భూమి లేని పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం చేశారు. డీకే పట్టా అన్నా, లావుణి పట్టా అన్నా ఆ రకమే. పంచిన భూమి మళ్ళీ బలవంతుడి చేతిలోకి పోకూడదన్న ఆలోచన అది. స్టీవర్ట్ చట్టంలో లేనిది సరిగ్గా అదే.

ఇక్కడ మనవాళ్ళకి ఒక హెచ్చరిక. ఊళ్ళో చవగ్గా ఎకరాలు ఉన్నాయని ఫోన్లు వస్తుంటాయి. చూడకుండా డబ్బు పంపిస్తే, అది అసైన్డ్ భూమి అయితే కొనుగోలు చెల్లకపోవచ్చు, ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు, ఆ పేద కుటుంబమూ నష్టపోతుంది. ఆంధ్రలో 2023లో నిబంధనలు కొన్ని మారాయి కాబట్టి పాత లెక్కలు నమ్ముకోవద్దు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూసుకోండి. తహసీల్దారు ఆఫీసులో మీవాళ్ళెవరినైనా పంపి అడిగించండి. ఆ తర్వాతే అడ్వాన్సు.

ఇక ఈ గడ్డ మీద. ఇక్కడి ప్రభుత్వ భూముల మీద కేంద్ర శాఖలు నిర్ణయం తీసుకునే ముందు జనం అభిప్రాయం అడుగుతాయి. లౌడన్ కౌంటీ బోర్డు బహిరంగ విచారణలు పెడుతుంది. ఓటు వేయడానికి పౌరసత్వం కావాలి, అక్కడ లేచి మాట్లాడటానికి అక్కర్లేదు. 1866లో, 1872లో చైనా కూలీల మాట, షోషోనీల మాట ఎవరూ అడగలేదు, వాళ్ళు చెప్పుకునే చోటూ లేదు. మనకి చోటుంది. ఈసారి మన వీధి పక్క నేల గురించి నోటీసు వచ్చినప్పుడు చదవండి. పేరు కాలువలదైనా, లోపల ఏముందో కూడా చదవండి.